పాయింటుకు ఎన్ని పైసలు? సంతకం పెట్టే ముందు అడగండి!

బొబ్బిలి పట్టణ ప్రజలకూ, చుట్టుపక్కల పల్లెల వారికీ విజ్ఞప్తి



క్రెడిట్ కార్డు ఇప్పుడు మన గుమ్మం దాకా వచ్చేసింది. విజయనగరం బట్టల షాపుకి వెళ్తే మెట్ల పక్కన టేబులు వేసుకుని కుర్రాళ్లు కూర్చుంటున్నారు. బంకులో పెట్రోలు కొట్టించుకుంటుంటే పక్కకి పిలుస్తున్నారు. అన్నం ముందు కూర్చునే వేళకి ఫోను మోగుతుంది: "సార్, మీకు కార్డు అప్రూవ్ అయిపోయింది. లైఫ్‌టైమ్ ఫ్రీ. ఏం కొన్నా పాయింట్లే. ఒక్క ఓటీపీ చెప్పండి చాలు." గ్రోత్ సెంటర్ ఫ్యాక్టరీలో మొన్ననే పనిలో చేరిన కుర్రాడికీ ఈ ఫోను వస్తోంది. బళ్లో పాఠం చెబుతున్న టీచరమ్మకీ వస్తోంది. పింఛను మీద బతుకుతున్న మాస్టారికీ వస్తోంది.

కార్డు తీసుకోవద్దని చెప్పడానికి మేం ఈ కరపత్రం వేయలేదు. ఏ బ్యాంకు కార్డునో పొగడడానికీ వేయలేదు. తెలుగువాళ్లకి కార్డు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, ఆ కార్డు పట్టుకుని తిరిగిన ఉద్యోగులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అప్పట్లో కార్డు కావాలంటే మనం బ్యాంకుకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు కార్డే మన వెంట పడుతోంది. అందుకే జాగ్రత్త మన వైపు నుంచి పెరగాలి.

మేం చెప్పేది ఒకటే మాట. కార్డు ఇచ్చారని ఖర్చు పెట్టకండి. మీ ఖర్చు ఏమిటో చూసుకుని, దానికి సరిపోయే కార్డు ఉంటేనే తీసుకోండి. లేకపోతే వద్దని చెప్పి పంపేయండి.

ముందు ఇంటి ఖర్చు రాయండి

చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. "నెలకి ముప్పై వేలు ఖర్చవుతోంది కదా, అంతా కార్డు మీద పెడితే బోలెడు పాయింట్లు" అనుకుంటున్నారు. నిజంగా ఎంత ఖర్చుకి పాయింట్లు వస్తాయో ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం.

మన ఊళ్లో అద్దెకుంటున్న నలుగురున్న ఇల్లు అనుకోండి. అద్దె 5,000. కిరాణా 6,000. పాలు, కూరగాయలు, చేపలు 4,000. బండికి పెట్రోలు 2,500. పిల్లల ఫీజు నెలకి 3,000 పడుతుంది. చీటీ 5,000. కరెంటు బిల్లు 900, గ్యాస్ బండ 900, ఫోన్లూ టీవీ కలిపి 1,000. ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కొనేది 1,500. మొత్తం 29,800 రూపాయలు.

ఇప్పుడు కార్డు కళ్లతో ఒక్కొక్కటీ చూడండి. అద్దె కార్డు మీద కట్టే వీలున్నా మధ్యలో ఉన్న యాప్ ఫీజు తీసుకుంటుంది, దాని మీద చాలా కార్డులు పాయింటు కూడా ఇవ్వవు. చీటీ పాటకి కార్డు పనికిరాదు. పాలావిడ, చేపలావిడ, సంతలో కూరగాయల బండి అంతా నగదే, లేదా ఫోన్ నుంచి ఫోన్‌కి పంపే డబ్బే. పెట్రోలు మీద మామూలు కార్డులు పాయింట్లు ఇవ్వవు. చిన్న బడి ఫీజు నగదు, లేదంటే బ్యాంకు చలానా. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి ఇచ్చేదీ నగదే. ఇక మిగిలింది కిరాణా, ఆన్‌లైన్, కరెంటు, ఫోన్లు. అన్నీ కలిపితే 9,400. కరెంటు బిల్లుని కూడా లెక్కలోంచి తీసేసే కార్డులు ఉన్నాయి, అయినా ఉందనే అనుకుందాం.

తొమ్మిది వేల నాలుగు వందల మీద నూటికి రూపాయి చొప్పున వస్తే నెలకి 94 రూపాయలు. ఏడాదికి 1,128. ఆ కార్డుకి ఏడాది ఫీజు 999 అనుకోండి, 18 శాతం జీఎస్టీ కలిపితే 1,178 దాటుతుంది. అంటే ఏడాది పొడుగునా కార్డు గీకి, పాయింట్లు పోగేసి, చివరికి మన చేతి నుంచే యాభై రూపాయలు ఎదురిచ్చాం!

అదే ఇంట్లో అదే ఖర్చుకి ఏడాది ఫీజు లేని కార్డు ఉంటే ఆ 1,128 నిలిచేది. కార్డు మంచిదా చెడ్డదా అన్నది కార్డు మీద లేదు, మీ ఖర్చు పుస్తకం మీద ఉంది. అందుకే ఏ కార్డుకీ ఒప్పుకోకముందు మూడు నెలల ఖర్చు రాయండి. ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీ తీస్తే సగం దొరుకుతుంది. మిగతా సగం ఇంట్లో ఆడవాళ్లకి నోటికి వచ్చు. పెళ్లి, పండగ, ఆస్పత్రి లాంటి ఏడాదికోసారి ఖర్చుల్ని ఇందులో కలపొద్దు. ఆ ఒక్క నెల చూసి కార్డు తీసుకుంటే మిగతా పదకొండు నెలలు నష్టమే.

పాయింటు అంటే రూపాయి కాదు

"వెయ్యి పాయింట్లు వస్తాయి" అనగానే వెయ్యి రూపాయలు అనుకునేవాళ్లు మన చుట్టూ ఎందరో. సేల్స్ కుర్రాడు అబద్ధం చెప్పడు, సగమే చెబుతాడు. మీరు అడగాల్సిన మిగతా సగం ఇది: పాయింటుకి ఎన్ని పైసలు?

ఒక కార్డు 150 రూపాయల ఖర్చుకి 4 పాయింట్లు ఇస్తుందనుకోండి. పాయింటు విలువ 20 పైసలైతే 150 రూపాయలకి వచ్చేది 80 పైసలు. అంటే వందకి 53 పైసలు. అర్ధరూపాయి కంటే ఓ మూడు పైసలు ఎక్కువ! ఇంకో కార్డు వంద రూపాయలకి ఒక్కటే పాయింటు ఇచ్చి, ఆ పాయింటుకి రూపాయి ఇస్తే, చూడడానికి చిన్నగా కనిపించే ఆ కార్డే రెండింతలు మేలు. "150కి" అన్న మాటలో ఇంకో కిటుకు ఉంది. 140 రూపాయల సరుకు కొంటే చాలా కార్డుల్లో సున్నా. 290 కొంటే ఒక్కసారికే లెక్క, మిగతా 140కి ఏమీ రాదు. చిన్న చిన్న కొనుగోళ్లు చేసే ఇంటికి ఇది పెద్ద తేడా.

అంతటితో అయిపోలేదు. ఆ పాయింట్లని డబ్బుగా, వస్తువుగా మార్చుకోవాలంటే కొన్ని బ్యాంకులు ఒక్కో సారికీ 99 రూపాయలూ పైన జీఎస్టీ తీసుకుంటాయి. చాలా పాయింట్లకి గడువు ఉంటుంది, రెండు మూడేళ్లలో వాడకపోతే పోతాయి. వస్తువుగా తీసుకుంటే ఒక విలువ, బిల్లులో తగ్గించుకుంటే ఇంకా తక్కువ విలువ. "పది రెట్లు పాయింట్లు" అని పెద్దక్షరాలతో వేసినప్పుడు అది ఏ వెబ్‌సైట్లలో కొంటేనో, నెలకి ఎంత వరకో చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్నక్షరాలు సేల్స్ కుర్రాడిని చదవమనండి. చదవలేనంటే ఆ కుర్రాడికీ తెలియదని అర్థం.

మా మాట వింటే, లెక్క పెట్టుకునే ఓపిక లేనివాళ్లు పాయింట్ల కార్డుల జోలికి పోకండి. బిల్లులోనే రూపాయల్లో తగ్గించే క్యాష్‌బ్యాక్ కార్డు చాలు. అందులో మోసపోవడానికి చోటు తక్కువ.

ఎవరి ఖర్చుకి ఏది?

ఇంటికో రకం ఖర్చు. కాబట్టి పక్కింటాయన కార్డు మనకి పనికిరావాలని లేదు.

ఇద్దరూ ఉద్యోగస్తులై, బట్టలూ సామాన్లూ పుస్తకాలూ ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఇల్లయితే, ఒక షాపింగ్ కంపెనీ పేరు మీద వచ్చే కార్డు గానీ, ఆన్‌లైన్ ఖర్చుకి ఎక్కువ శాతం ఇచ్చే క్యాష్‌బ్యాక్ కార్డు గానీ బాగా కలిసి వస్తుంది. ఒకే కంపెనీలో కొంటారా, నాలుగైదు చోట్ల కొంటారా అన్నది చూసుకోండి. ఒకే చోట కొనేవాళ్లకి మొదటిది, చెదురుమదురుగా కొనేవాళ్లకి రెండోది. మొదటి రకంలో వచ్చే లాభం చాలాసార్లు ఆ కంపెనీలోనే మళ్లీ ఖర్చు పెట్టాల్సిన బ్యాలెన్సుగా వస్తుంది, చేతికి రాదు. అది గుర్తుంచుకోండి.

సాలూరు, రామభద్రపురం వైపు లారీలు నడుపుకునే అన్నలు డీజిలు కార్డు గురించి అడుగుతున్నారు. పెట్రోలు కంపెనీల పేరుతో వచ్చే కార్డులు ఆ కంపెనీ బంకుల్లోనే గట్టిగా ఇస్తాయి. మీ దారిలో ఆ కంపెనీ బంకులు ఎన్ని ఉన్నాయో ముందు చూడండి. రెండో సంగతి, కార్డు మీద ఇంధనం కొట్టిస్తే ఒక శాతం సర్‌ఛార్జి పడుతుంది. "సర్‌ఛార్జి మాఫీ" అని చెప్పేది ఆ ఒక శాతం తిరిగి ఇవ్వడం మాత్రమే, దాని మీద పడ్డ జీఎస్టీ తిరిగి రాదు. పైగా మాఫీకి ఒక్కసారి కొట్టించే మొత్తం మీద పరిమితి ఉంటుంది, సాధారణంగా 400 నుంచి 5,000 లోపు. బైకుకి, కారుకి అది సరిపోతుంది. ఒక్కసారి పాతిక వేల డీజిలు పోయించే లారీకి ఆ మాఫీ దొరకదు. నెలకి ఇంతకంటే ఎక్కువ పాయింట్లు ఇవ్వం అన్న గీత కూడా ఉంటుంది. బైకు మీద తిరిగేవాళ్లకైతే యూపీఐతో పెట్రోలు కొట్టిస్తే సర్‌ఛార్జీ ఉండదు, మాఫీ గొడవా ఉండదు. అందుకోసం ప్రత్యేకంగా కార్డు తీసుకోనక్కర్లేదు.

రైలు టికెట్ల కార్డు మన జంక్షన్ ఊరికి బాగా పనికొస్తుందని కొందరు అంటున్నారు. విశాఖకీ, రాయగడకీ, రాయపూర్‌కీ తిరిగేవాళ్లు మనలో చాలామందే. కానీ ఆ కార్డుల్లో పెద్ద లాభం ఏసీ తరగతుల టికెట్లకే ఉంటుంది. పాసింజరులో, జనరల్‌లో, స్లీపర్‌లో వెళ్లేవాళ్లకి ఆ ఆశ అక్కర్లేదు.

విమానాశ్రయం లాంజ్ ఫ్రీ అన్న మాటకి కూడా మనవాళ్లు పడిపోతున్నారు. భోగాపురం మన జిల్లాలోనే కదా అని! ఏడాదికి ఒక్కసారి విమానం ఎక్కేవాడు ఆ ఒక్క పూట టిఫిను కోసం రెండు మూడు వేల ఏడాది ఫీజు కట్టడం తెలివైన పని కాదు. చాలా కార్డుల్లో లాంజ్ కావాలంటే ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది.

ఇక రూపే కార్డు సంగతి. 2022 సెప్టెంబర్ నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి స్కాన్ చేసే వీలు వచ్చింది. కార్డు మెషిన్ లేని మన బజారు షాపులకి ఇది సరిగ్గా సరిపోయేది. అయితే వ్యాపారి పేరున తీసుకున్న క్యూఆర్ మీదే నడుస్తుంది. మనిషి నుంచి మనిషికి డబ్బు పంపడానికి నడవదు. కాబట్టి కార్డు తీసుకోకముందే మీరు రోజూ సరుకు కొనే కిరాణా షాపులో, మెడికల్ షాపులో ఇప్పటికే ఆ కార్డు ఉన్న స్నేహితుడి ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. క్రెడిట్ కార్డు ఆప్షను కనబడితే సరే. కనబడకపోతే ఆ కార్డు మీకు ఇక్కడ అలంకారమే. స్కాన్ చేసిన చిల్లర ఖర్చుకి పాయింట్లు ఇస్తుందో లేదో కూడా బ్యాంకుని విడిగా అడగండి. కొన్ని కార్డులు యూపీఐ ఖర్చుకి సగమో పావో ఇస్తాయి.

షాపువాడు "కార్డయితే రెండు శాతం ఎక్కువ" అన్నప్పుడు ఏం చేయాలి? బంగారం షాపుల్లో, ఫర్నిచరు షాపుల్లో ఇది రోజూ వినే మాట. లెక్క చాలా సులువు. లక్ష రూపాయల నగ మీద రెండు శాతం అంటే 2,000. మీ కార్డు ఇచ్చేది నూటికి రూపాయి చొప్పున 1,000. ఇంకా బంగారం మీద పాయింట్లే ఇవ్వని కార్డులున్నాయి. అక్కడ కార్డు జేబులోంచి తీయకండి. యూపీఐతోనో, బ్యాంకు బదిలీతోనో కట్టి, బిల్లు తప్పకుండా తీసుకోండి.

రైతన్నలకీ, గొల్లపల్లి వీణల పనివాళ్ల లాంటి చేతివృత్తుల వారికీ ఒక మాట విడిగా చెప్పాలి. మీ రాబడి నెలనెలా రాదు. పంట అమ్మితే, వీణ అమ్ముడైతే వస్తుంది. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. ఆ రెండూ కలవవు. ఎరువుల షాపులో క్రెడిట్ కార్డు గీకడం కంటే కిసాన్ క్రెడిట్ కార్డు వెయ్యి రెట్లు మేలు. 3 లక్షల వరకు పంట రుణం మీద వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువులో కడితే 3 శాతం రాయితీ పోగా 4 శాతమే పడుతుంది. పేరులో కార్డు అని ఉన్నా రెండూ ఒకటి కాదు. పాయింట్ల ఆశ చూపి ఎవరైనా దీన్ని మాన్పించి దాన్ని అంటగడితే ఒప్పుకోకండి.

మూడున్నర రూపాయల వడ్డీ

ఇప్పటిదాకా చెప్పిన లాభమంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: బిల్లు మొత్తం గడువు లోపల కట్టాలి. పూర్తిగా, ప్రతి నెలా.

మన ఊళ్లో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే "పోనీలే" అంటాం. మూడు రూపాయలకి తెచ్చాడంటే "అయ్యో, అంత అవసరం ఏటొచ్చిందిరా" అంటాం. క్రెడిట్ కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకి మూడున్నర శాతం చుట్టూ ఉంది. మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు! ఇంత వడ్డీ అడిగితే ఊళ్లో వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కని వాళ్లం, పాయింట్లు ఇస్తున్నారని కార్డుకి కట్టేస్తున్నాం.

బిల్లులో "మినిమమ్ డ్యూ" అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది చూసి ఊరట పడకండి. ఇరవై వేలు బాకీ ఉందనుకోండి. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే వెయ్యి రూపాయలు కట్టారు. అందులో నెల వడ్డీ 700, జీఎస్టీ 126, మొత్తం 826 పోయింది. బాకీలో తగ్గింది 174 రూపాయలు. వెయ్యి కట్టి 174! అదే ఇరవై వేల ఖర్చుకి మీకు వచ్చిన పాయింట్ల విలువ నూటికి రూపాయి చొప్పున 200. ఒక్క నెల బాకీ పడితే నాలుగు నెలల పాయింట్లు గంగలో కలిశాయి. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నలభై అయిదు రోజుల వడ్డీలేని గడువు బాకీ లేనివాళ్లకే.

వడ్డీకి పైన గీత ఉందా అంటే ఇప్పుడు లేదు. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి మనల్ని కాపాడే గీత మనం గీసుకున్నదే.

ఇంకో చెడ్డ అలవాటు మన చుట్టుపక్కల పాకుతోంది. "కార్డు గీకండి, క్యాష్ ఇస్తాం, రెండున్నర శాతం చాలు" అని కొన్ని షాపుల వాళ్లు చెబుతున్నారు. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో, దాని బాకీ మూడో దానితో తీర్చే రొటేషన్. మాకు తెలిసిన ఒక కుర్రాడు, మంచి ఉద్యోగం ఉన్నవాడు, చెల్లి పెళ్లికని ఇలా మొదలుపెట్టాడు. నాలుగు కార్డులయ్యాయి. నెల జీతం వచ్చిన రోజే షాపు కమీషన్లకీ వడ్డీలకీ పోయేది. ఇంట్లో తండ్రికి సంగతి తెలిసేసరికి అమ్మాయి పెళ్లి ఖర్చు కంటే కార్డుల బాకీ ఎక్కువైంది. చివరికి ఊళ్లో ఉన్న స్థలం అమ్మి తీర్చారు. అతను తాగుబోతు కాదు, జూదరి కాదు. ఎవరైనా కూర్చోబెట్టి లెక్క వేసి చూపించి ఉంటే ఆ స్థలం మిగిలేది. తమ్ముళ్లారా, ఇప్పటికే రొటేషన్‌లో ఉన్నవాళ్లు దాచుకోకండి. బేగి ఇంట్లో చెప్పండి. ఏడాదికి 42 శాతం వడ్డీ బాకీని బంగారం తాకట్టు రుణంతోనో, బ్యాంకు పర్సనల్ లోన్‌తోనో ఒకేసారి తీర్చి కార్డులు మూసేయండి. ఆ వడ్డీలు సాధారణంగా ఇందులో సగం కూడా ఉండవు.

ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి డబ్బు తీయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తీసిన క్షణం నుంచి వడ్డీ, పైన విడిగా ఫీజు, పాయింట్లు సున్నా. చేయకండి.

చట్టం మన పక్షాన ఉన్న చోట్లు

2022లో రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డుల మీద వివరమైన నిబంధనలు పెట్టింది. అవి మన గల్లీ దాకా రాలేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాం.

అడగని కార్డు పంపకూడదు. పంపి, దాని మీద ఛార్జీలు వేస్తే వాటిని రద్దు చేయడమే కాదు, ఆ ఛార్జీలకి రెండింతలు మీకు పరిహారంగా ఇవ్వాలి. వచ్చిన కార్డుని 30 రోజుల్లో మీరు మొదలుపెట్టకపోతే, మీ ఓటీపీ సమ్మతి లేకుండా బ్యాంకు దాన్ని నడిపించకూడదు. అందుకే ఆ "ఒక్క ఓటీపీ" కోసం అంత బతిమాలుతున్నారు. కార్డు వద్దనుకుంటే, బాకీ అంతా కట్టేసి మూసేయమని అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకి 500 రూపాయలు మీకు ఇవ్వాలి. "మూయడం కుదరదు, ఫీజు మాఫీ చేస్తాం ఉంచండి" అని సాగదీసే ఫోన్లకి లొంగకండి. మెయిలు పెట్టండి, తేదీ రాసుకోండి.

బిల్లు తేదీని కనీసం ఒక్కసారైనా మార్చుకునే హక్కు మీకుంది. జీతం ఒకటో తారీకున వచ్చే ఉద్యోగికీ, ఏడో తారీకున వచ్చే ఫ్యాక్టరీ కార్మికుడికీ ఒకే గడువు సరిపోదు. జీతం పడ్డ నాలుగైదు రోజులకి గడువు వచ్చేలా పెట్టించుకోండి. సగం ఆలస్యాలు దీనితోనే పోతాయి. వసూలు ఏజెంట్లు పొద్దున్న 8 గంటలకి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, చుట్టాల ముందు పరువు తీయకూడదు. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఖర్చు లేదు. వివరాలకి 14448. "మీ పాయింట్లు ఈ రాత్రికి పోతాయి, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే నొక్కకండి. నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి, కార్డు బ్లాక్ చేయించండి.

అన్నిటికంటే మనకి ముఖ్యమైంది ఒకటుంది. కార్డు షరతులు సులువైన భాషలో, వీలైతే ఇంగ్లీషు, హిందీతో పాటు స్థానిక భాషలో ఇవ్వాలని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. మన స్థానిక భాష తెలుగు. మరి ఇన్ని వేల సంతకాలు మన దగ్గర తీసుకున్నారు కదా, తెలుగులో షరతుల కాగితం మీలో ఎంతమంది చేతికి వచ్చింది?

ఇక చేయాల్సింది

మొదటిది, ఈ వారమే మూడు నెలల ఖర్చు రాయండి. భార్యాభర్తలు కలిసి రాయండి. ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లు పోయిన ఏడాది స్టేట్‌మెంట్లు తీసి ఒక పక్క వచ్చిన లాభం, ఇంకో పక్క కట్టిన ఫీజులూ వడ్డీలూ జీఎస్టీ రాయండి. రెండో పక్క ఎక్కువైతే బాకీ తీర్చి ఆ కార్డుని మూయించండి. మూడు కార్డులున్నవాళ్లకి ఒక్కటి చాలు. ఫీజు మాఫీ కోసం "ఏడాదికి రెండు లక్షలు" ఖర్చు నింపాలని అవసరం లేనివి కొనకండి.

రెండోది, సేల్స్ కుర్రాడు ఎదురైతే ఈ మాటలు అడగండి: పాయింటుకి ఎన్ని పైసలు? ఏ ఖర్చులకి రావు? నెలకి ఎంతకంటే ఎక్కువ ఇవ్వరు? మొదటి ఏడాది ఫ్రీయా, బతికున్నంతకాలం ఫ్రీయా, అది రాతలో ఉందా? ఆ అబ్బాయి కూడా మనలాంటి ఇంటి బిడ్డే, నెలకి ఇన్ని కార్డులని టార్గెట్ పెట్టి ఎండలో నిలబెట్టారు. అతని మీద కేకలు వేయకండి. బొబ్బిలి పౌరుషం అని ఊరంతా చెప్పుకుంటాం, దాన్ని ఈ ప్రశ్నల్లో చూపిద్దాం. జవాబు తెలుగులో, కాగితం మీద వచ్చేదాకా సంతకం పెట్టొద్దు, ఓటీపీ చెప్పొద్దు, ఆధార్, పాన్ ఫొటోలు వాట్సాప్‌లో పంపొద్దు.

మూడోది, అందరం కలిసి చేయాల్సింది. మన ఊళ్లో ఉన్న ప్రతి బ్యాంకు శాఖకీ వెళ్లి, క్రెడిట్ కార్డు షరతుల కాగితం తెలుగులో ఇవ్వమని ఒక అర్జీ పెడదాం. ఒక్కరు అడిగితే "హెడ్డాఫీసుకి రాస్తాం" అంటారు. పదిమంది అడిగితే రాయక తప్పదు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ ముద్ర పడిన కాగితమే అంబుడ్స్‌మన్ దగ్గర మన ఆధారం. టీచర్లు, పింఛనుదారులు, గ్రోత్ సెంటర్ కార్మికులు, లారీ ఓనర్లు, డ్వాక్రా గ్రూపుల అక్కలు, ఎవరి బ్యాంకులో వాళ్లు మొదలుపెట్టండి. అర్జీ రాయడం రానివాళ్లకి చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి.

ఈ కాగితం చదివి పారేయకండి. మీ ఇంట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటే ఫొటో తీసి పంపండి. మొదటి జీతంతో పాటే మొదటి కార్డు ఫోను వాళ్లకి వస్తుంది.

ఇట్లు,
మీ తోటి బొబ్బిలి వాసులు